అర సెకనులో వచ్చిన రిపోర్టు

గానుగవీధిలో మూడో ఆటోకి నిప్పంటుకుంది. ఇనప రాడ్లతో దిగిన గూండాలు దొరికినవాణ్ణి దొరికినట్టు బాదుతున్నారు. ఒకడి తల పగిలి రక్తం మురిక్కాలవలోకి కారుతోంది. పైన పోలీసు డ్రోన్లు మాత్రం ఊరికే తిరుగుతున్నాయి. ఎందుకయ్యా అంటే, ఎవర్ని కొట్టాలో చెప్పే రిపోర్టు ఇంకా రాలేదట!

ఆ రిపోర్టు ఇచ్చే యంత్రం సంగతి చెబుతాను. “ఆ వీధిలో అల్లరి చేస్తున్నదెవరు?” అని పోలీసాయన మామూలు తెలుగులో అడుగుతాడు. రిపోర్టింగ్ టూల్ ఆ ప్రశ్నను డేటాబేస్‌కి అర్థమయ్యే క్వెరీగా తనే రాసుకుంటుంది. వచ్చిన పేర్లు ఎప్పటికప్పుడు డ్రోన్లకు వెళ్తాయి. అవి కరెంటు షాకు కొట్టి మనుషుల్ని పడేస్తాయి.

కంట్రోల్ రూములో సి.ఐ. భానోజీరావు బల్ల గుద్దాడు. “మా చెల్లెలు సన్యాసమ్మ టిఫిన్ కొట్టు ఆ వీధిలోనే ఉందమ్మా! దాన్ని చంపేశాక ఇస్తారా రిపోర్టు?”

“టూల్ రాసిన క్వెరీ తెరిచి చూస్తున్నా సార్,” అంది దాన్ని తయారుచేసిన వకుళ. “మనిషి వీధిలో ఉన్నాడా, చేతిలో ఆయుధంలాంటిది ఉందా, ఈ రెండూ చిటికెలో తేలుతున్నాయి. మూడో షరతు దగ్గరే నత్తనడక. ఆ వీధివాళ్ళని వదిలెయ్యాలి కదా, అందుకని ఒక్కో ముఖానికీ ఊరందరి ఇళ్ళ రికార్డులూ మొదట్నుంచీ వెతుకుతోంది.”

“అది పీకెయ్యి!”

“పరీక్షించకుండానా?”

ఆ ఆఫీసులో ఏ మార్పైనా రేవు రోడ్డు డేటా మీదే పరీక్షిస్తారు, చిన్నది కాబట్టి. అక్కడ గోదాములే తప్ప కాపురాలు లేవు, వదిలెయ్యాల్సిన వీధివాళ్ళూ లేరు. మూడో షరతు ఉన్నా, తీసేసినా అవే పేర్లు వచ్చాయి. “ఫలితం ఒకటే సార్,” అని వకుళ తీసేసింది. ఎంత చదువు చదివి ఏం లాభం చెప్పండి!

అర సెకనులో రిపోర్టు వచ్చింది. డ్రోన్లు దూకాయి. తెర మీద పొగలోంచి మనుషులు గిలగిలా కొట్టుకుంటూ పడిపోతుంటే భానోజీరావు కేకలేశాడు. “కొట్టండి! ఇంకా కొట్టండి నా కొడుకుల్ని!”

అక్కణ్ణించి జీపులో పరుగున వెళ్ళాడు. పైన డ్రోన్లు ఇంకా తిరుగుతున్నాయి, వీధి నిండా మనుషులు పడి ఉన్నారు. వాళ్ళ పక్కన రోకళ్ళు, కత్తిపీటలు, తలుపు గడియలు. ఇనప రాడ్డు ఒక్కటీ లేదు. ఒక ముసలాయన ఇంక కదలడం లేదు. కొట్టు ముందు సన్యాసమ్మ, అట్లకాడ పట్టుకున్న చెయ్యి మోచేతిదాకా కాలిపోయి మూలుగుతోంది.

“గూండాలు ఏరే?” అన్నాడు.

“ఆళ్ళా? మా ఈదోళ్ళంతా రోకళ్ళట్టుకుని దిగీసరికి పారిపోనారు. గెలిసినాం అనుకున్నామన్నయ్యా. అప్పుడొచ్చినాయి మీ డ్రోన్లు.” అంతలో అతని చేతికేసి చూసి గుండెలవిసేలా అరిచింది. “ఆ లాఠీ పడెయ్యన్నయ్యా! సేతిలో ఏటున్నా కొట్టెస్తన్నాయి!”

భానోజీరావు లాఠీ విసిరేసి, రెండు చేతులూ పైకెత్తి, చెల్లెలి పక్కన కూలబడ్డాడు.