సామాన్ల కాడ నర్సక్క

తెల్లవారుతూనే వాకిలి ఊడ్చి, అలుకు చల్లి, పొయ్యి మీద టీ గిన్నె పెట్టింది నర్సక్క. రోజూ చేసే పనులే. కానీ ఆ రోజు ఆమె మనసు పనిలో లేదు. కొడుకు వినయ్‌కుమార్ దీపావళి సెలవులకు కుటుంబాన్నంతా హైదరాబాదు తీసుకెళ్తున్నాడు. గుట్ట మీది గుడి, మ్యూజియం, జూ, చివరికి చార్మినారు. ఏడున్నరకు సిరొంచ నుంచి బస్సు.

ఎదురింటి అంకమ్మ ముగ్గుగిన్నె చేత్తో పట్టుకునే గోడ దగ్గరికొచ్చింది.

"అక్కా, చార్మినార్ల ఏముంటదో మంచిగ చూసి రా. సోమవారం బడిల మా అందరికి చెప్పాలె."

"చెప్తనే. రాసుకునేతందుకు నోట్‌బుక్కు గూడ వెట్టుకున్న."

"చూస్తవో, ఎప్పటి లెక్క సంచుల కాడ కూసుంటవో!"

అంకమ్మ నవ్వింది. నర్సక్క నవ్వలేదు.

నర్సక్కకు యాభై ఎనిమిదేళ్ళు. భర్త సాంబన్న పోయి నాలుగేళ్ళయింది. ఆయన పోయాక ఏదో కాగితం మీద వేలిముద్ర వేయాల్సి వస్తే, ఎవరో ఆమె బొటనవేలిని పట్టుకుని, అది తన వేలే కానట్టు, సిరాలో అదిమారు. ఆ మరునాడే అంగన్‌వాడీ వరండాలో సుజాత టీచరు పెద్దవాళ్ళకు నడిపే సాయంకాలపు బడికి వెళ్ళి కూర్చుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ ఊరు మహారాష్ట్రలో ఉంది కనుక బడిలో నేర్పేవి మరాఠీ అక్షరాలు. గుణింతాలు పట్టుబడేసరికి రెండేళ్ళు పట్టింది.

బస్సు కదలగానే కిటికీ పక్కన కూర్చుని కనిపించిన బోర్డునల్లా పైకి చదివింది. మందుల దుకాణం, ఎరువుల దుకాణం, బ్యాంకు. పదేళ్ళ మనవరాలు స్వీటీ చప్పట్లు కొట్టింది. గోదావరి వంతెన దాటారో లేదో, అక్షరాలు మారిపోయాయి. గుండ్రంగా, సకినాలు పేర్చినట్టు ఉన్నాయి. ఒక్కటీ తెలియదు.

"బాపమ్మా, ఇది చదువు!" అంది స్వీటీ.

నర్సక్క కిటికీ నుంచి ముఖం తిప్పుకుంది. కోడలు సరిత పుట్టిల్లు నదికి అవతలి ఒడ్డునే. ఆమెకు తెలుగు వచ్చు.

"అది కాళేశ్వరం బోర్డు. నీకు రాదు తియ్యి అత్తమ్మా, గిది తెలుగు."

"మనం తెలుగోళ్ళమే, మనకే తెలుగు సదువ రాదు," అంటూ వినయ్ నవ్వాడు. అతనిదీ మరాఠీ చదువే. కానీ అతనికి ఇంగ్లీషుంది, అల్లపల్లి అటవీ డిపోలో ఉద్యోగముంది. అతనికది నవ్వులాట. నర్సక్కకు మాత్రం నేర్చుకున్న చదువంతా ఏట్లో జారవిడుచుకున్నట్టయింది. మిగిలిన దారంతా బోర్డుల వైపు చూడలేదు.

మర్నాడు గుట్ట మీది గుడి దగ్గర చెప్పులు, ఫోన్లు ఆమె దగ్గర పెట్టి ముగ్గురూ పైకెళ్ళారు. తరవాత వస్తానంది కానీ, వాళ్ళు దిగేసరికి మ్యూజియం వేళయింది. అక్కడ సంచులు లోపలికి రానివ్వరు. మళ్ళీ బెంచీ. లోపలెక్కడో గంట మోగింది, జనం గోలగా నవ్వారు. ఆమె మెడ చాచి చూసింది. గోడ తప్ప ఏమీ కనిపించలేదు.

"ఏముందిరా లోపల?" అని అడిగింది బయటికొచ్చిన కొడుకుని.

"ఏం లేదమ్మా. పాత సామాన్లే."

"గంటేందో మోగింది గద?"

"గంటా? గడియారమమ్మా. నడువు, ఆకలైతుంది."

జూలోనూ అంతే. నోట్‌బుక్కు సంచి అడుగున తెల్లగానే ఉంది. సోమవారం బడిలో ఏం చెప్పాలి? బెంచీ ఎట్లా ఉందో చెప్పాలా?

మూడో రోజు చార్మినారు. సాయంత్రమే తిరుగు బస్సు, గది ఖాళీ చేశారు కనుక సామానంతా వెంటే ఉంది. బజారు నిండా జనం. గాజుల దుకాణాల తళుకులు, అత్తరు వాసన, బండ్ల మీద జామకాయలు. వాటి నడుమ నాలుగు మినార్లు ఎత్తుకుని నిలబడ్డ ఆ కట్టడాన్ని నర్సక్క తల వెనక్కి వాల్చి చూసింది. పైట జారింది కూడా తెలియలేదు.

వినయ్ టిక్కెట్లు తీసుకొచ్చాడు. పిల్లలకు టిక్కెట్టు లేదు, పెద్దవాళ్ళు ముగ్గురికి రెండే తెచ్చాడు. రెండు లెక్కపెట్టడానికి బడికి పోనక్కర్లేదు.

"అమ్మా, మెట్లు బాగ నిటారుగ ఉంటయట. నీ మోకాళ్ళతోని గాదు. గీ అరుగు మీద కూసో. సామాన్లు పైలం. అర్ధగంటల వస్తం."

నర్సక్క కూర్చోలేదు. భుజానున్న సంచిని దించి కొడుకు కాళ్ళ దగ్గర పెట్టింది.

"నేను కూసోను."

"ఏందమ్మా?"

"కూసోనన్న. గుడి కాడ చెప్పులు కాసిన. మ్యూజియం కాడ సంచులు కాసిన. జూల టిఫిన్ డబ్బలు కాసిన. మీరు పులిని చూసిండ్రు, నేను డబ్బల మీదికొచ్చే కోతిని చూసిన. నేను మనిషినారా, తాళంకప్పనా?"

"జర మెల్లగ మాట్లాడు. అందరు చూస్తున్నరు."

"చూడనీ. వాళ్ళన్న నన్ను చూస్తున్నరు."

వినయ్ ముఖం ఎర్రబడింది. మూడు రోజుల తిరుగుడు, ఎండ, బస్సుకు ఆలస్యమవుతుందన్న భయం, అన్నీ ఒక్కసారి నోటికొచ్చాయి.

"ఎక్కి ఏం జేస్తవమ్మా? అది ఎవరు కట్టిండ్రో, ఎప్పుడు కట్టిండ్రో నీకేం ఎర్కైతది? ఊకె మోకాళ్ళనొప్పి తెచ్చుకొని మమ్ముల పరేషాన్ జేసుడు గాకపోతే!"

"మోకాళ్ళా? బామ్ని ఊరి పొలాలల్ల ఇరవై ఏండ్లు నాట్లేసినప్పుడు గీ మోకాళ్ళు ఎవరికి యాదికొచ్చినయ్‌రా? నిన్ను సదివించింది గీ మోకాళ్ళే!"

స్వీటీ వెళ్ళి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. సరిత మెల్లగా అంది.

"అత్తమ్మా, ఒక్క మాటంట, కోపం చెయ్యకు. పెండ్లై వచ్చినకాడికెల్లి చూస్తున్న. ఏడికి పోయినా నువ్వే అంటవ్ గద, 'మీరు పోండ్రి, నేను సామాన్ల కాడుంట' అని. ఎవ్వరు చెప్పకముందే కూసుంటవ్. ఇగ మాకు గదే అలవాటైంది."

కోడలు అబద్ధం చెప్పలేదు. అదే నర్సక్కకు ఎక్కువ మంటగా అనిపించింది. అవును, తనే అనేది. ఎందుకనేది?

వినయ్ ఇంకా చంకలో ఉన్నప్పటి మాట. పుష్కరాలకు కాళేశ్వరం వెళ్ళారు. స్నానాల రేవులో తడకల గదులు, వాటి మీద బోర్డులు. తడిచీరతో వణుకుతూ ఒక తడక తోసుకుని లోపలికెళ్ళింది. లోపలంతా మగవాళ్ళు. కొందరు అరిచారు, ఇంకొందరు ఈలలు వేశారు. సాంబన్న రెక్క పట్టి బయటికి లాగి, "రాసున్నది కనవడ్తలేదా?" అన్నాడు. కనబడింది. చదవడమే రాలేదు. ఆ పొద్దు నుంచి బోర్డులున్న ఏ తలుపూ ఆమె దాటలేదు. ఎక్కడికెళ్ళినా ముందుగా ఒక అరుగు వెతుక్కునేది.

ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చార్మినారు ముందు, అంత రద్దీలో, కొడుకు ముఖంలోకి చూడకుండా చెప్పింది.

"నేను సంచులు కాయలే బిడ్డా. నా సిగ్గును కాసుకుంట కూసున్న. ఇప్పుడు నాలుగక్షరాలొచ్చినయ్. ఇగన్న లేద్దామనుకున్న. నువ్వు మల్ల గా అరుగే చూపిస్తివి."

నర్సక్క కళ్ళు తుడుచుకుని దారి పక్కనున్న పెద్ద పలక దగ్గరికి నడిచింది. ఒకచోట సకినాల అక్షరాలు, ఒకచోట ఇంగ్లీషు. వాటి పక్కన, గీత కింద బట్టలు ఆరేసినట్టు వేలాడుతూ, తనకు తెలిసిన అక్షరాలే! హిందీ. మరాఠీకీ ఇవే అక్షరాలు. వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుంది. "చా... ర్... మీ... నార్." ఒత్తక్షరం దగ్గర ఆగి, పెదవి కొరికి, మళ్ళీ మొదటి నుంచి పట్టుకుంది. వెనక జనం తోసుకుంటున్నా కదల్లేదు. చాలాసేపటికి తిరిగి చూసింది.

"పదిహేను వందల తొంబై ఒకట్ల కట్టిండ్రట," అంది కొడుకుతో. "ఇగ ఎర్కైంది."

వినయ్ తన టిక్కెట్టు తల్లి చేతిలో పెట్టి, సంచులన్నీ దగ్గరికి లాక్కుని అరుగు మీద కూర్చున్నాడు.

"మెల్లగ ఎక్కమ్మా. స్వీటీ, బాపమ్మ చెయ్యి వదలకు."

మెట్లు నిజంగానే నిటారు. రెండు చోట్ల గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది. సరిత వెనక నుంచి నడుము పట్టింది. పైకి చేరగానే గాలి ముఖానికి కొట్టింది. నాలుగు కమానులు, నాలుగు దిక్కులకు నాలుగు బజార్లు. కింద జనం చీమల బారులా కదులుతున్నారు.

ఆ జనంలో అరుగు కోసం వెతికింది. కొడుకు కనిపించాడు. ఒక సంచి ఒళ్ళో, ఒకటి కాళ్ళ మధ్య. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, తల్లి ఏ కమానులో ఉందో తెలియక అన్నిటికేసీ చూస్తున్నాడు. ఎంత చిన్నగా ఉన్నాడు! ఇన్నేళ్ళూ తనూ అంతే కనిపించి ఉంటుంది, ఎవరైనా పైనుంచి చూసి ఉంటే. నర్సక్కకు కన్నీళ్ళు ఆగలేదు.

ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని మెల్లగా దిగి వచ్చింది. వినయ్ సంచులు పక్కకు జరిపి చోటిచ్చాడు. మంచినీళ్ళ సీసా మూత తీసి అందించాడు.

"ఏముందమ్మా పైన?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

'ఏం లేదు బిడ్డా' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. నీళ్ళతో పాటు దాన్ని మింగేసింది.

"మెట్లు ముందుగాల చీకటి చీకటిగ ఉంటయ్ కొడుకా," అని మొదలుపెట్టింది. "పాము చుట్టలు చుట్టుకున్నట్టు తిరుగుతయ్. ఒక్కొక్కటి మోకాలెత్తు..."

వినయ్ ఆమె మోకాలిని రెండు చేతులా మెల్లగా ఒత్తుతూ, "ఇగ, ఆ తర్వాత?" అన్నాడు.