డాన్ హిలారియో రక్తం

"చొక్కా చెయ్యి పైకి మడువు," అన్నాడు డైరెక్టర్ సాలస్.

ఎలియాస్ ఇబకాచే తన చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్ల గూఢచార సర్వీసులో అతనికి బ్రీఫింగుల్లో దొంగ పాస్‌పోర్టులిచ్చారు, పిస్టళ్లిచ్చారు, ఒకసారి పెట్టుడు మీసం కూడా ఇచ్చారు. ఎదురు రక్తం అడగడం మాత్రం ఇదే మొదటిసారి.

"ఎవరికి సర్?"

"ఎవరికీ కాదు. ఒకాయన రక్తం బదులు పెట్టడానికి. హిలారియో చోకే."

ఎలియాస్ చొక్కా మడిచి చెయ్యి చాపాడు. ఆ రేవు పట్టణం అంతోఫగస్తాలో ఆ పేరు తెలియని మనిషి లేడు. రాగి గనిలో కూలీగా మొదలై, యూనియన్ నాయకుడై, ఇప్పుడు లిథియం ఒప్పందం చర్చల్లో దేశం తరఫున కూర్చుంటున్న ముసలాయన. ఊరంతా ఆయన్ని గౌరవంగా 'డాన్' అని పిలుస్తుంది. అవతలి పక్షం, అంటే ఆ లిథియం కోరే విదేశీ కంపెనీ, ఆయన్ని కొనలేకపోయింది, బెదిరించలేకపోయింది. ఇక వాళ్లు తెలుసుకోవలసింది ఒక్కటే, ఆయన ఎంతకాలం బతుకుతాడన్నది.

"ఆదివారం ఊరి నడిబొడ్డున ప్లాజాకి ఒక వ్యాన్ వస్తోంది," అన్నాడు సాలస్. "ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఉచిత రక్తపరీక్ష. విదేశీ ఫౌండేషన్ దానం. మెషీన్ నిజమైనదే. పరీక్షా నిజమైనదే. దానమే అబద్ధం."

"రక్తంలో ఏం తెలుస్తుంది సర్?"

"కణితి గింజంత ఉన్నప్పుడే దాని డీఎన్‌ఏ తునకలు రక్తంలోకి రాలతాయట. దగ్గు మొదలవకముందే ఆ మెషీన్ వాటిని పసిగడుతుంది. ఆయనకి జబ్బుందని తెలిస్తే అవతలివాళ్లు సంతకం పెట్టకుండా సాగదీస్తారు. ఆయన పోయాక ఆ కుర్చీలోకి ఎవడో మెత్తటివాడు వస్తాడు."

"ఆయన్ని వెళ్లొద్దంటే?"

"అన్నాం. 'నా ఊరంతా లైన్లో నిలబడితే నేను చెయ్యి దాచుకోవాలా?' అని కేకలేశాడు."

ఆయన కోపానికి అర్థం ఉంది. ఆ ఊళ్లో అరవై దాటినవాళ్లంతా చిన్నప్పుడు ఆర్సెనిక్ కలిసిన కుళాయి నీళ్లు తాగినవాళ్లే. ఆ నీళ్లు ఎప్పుడో మారాయి గానీ, వాటి బాకీ మాత్రం ఊపిరితిత్తుల్లో ఇప్పటికీ బయటపడుతూనే ఉంది. ఎలియాస్ దక్షిణాన వానల ఊళ్లో పుట్టాడు. సిగరెట్ ముట్టలేదు. రక్తం గ్రూపు కూడా కలిసింది. అందుకే అతన్ని ఎంచారు.

"వ్యాన్‌లో నర్సుగా వలెస్కా ఉంటుంది," అన్నాడు సాలస్.

"ఆవిడ మన మనిషా, వాళ్ల మనిషా?"

"ఆవిడే ఇంకా తేల్చుకోలేదు."

* * *

ఆదివారం ఉదయానికి ప్లాజా జాతరలా ఉంది. ఎలియాస్ నూనె మరకల ఓవరాల్స్ వేసుకుని, వ్యాన్ వెనక జనరేటర్ దగ్గర మెకానిక్‌లా గొంతుక్కూర్చున్నాడు. చేతిలో పెద్ద స్పానర్. దాని పిడి లోపల బోలు. అందులో అతని రక్తమున్న ట్యూబు.

"ఏం నాయనా, సూది లావా, సన్నమా?" లైన్లోని ఒక ముసలమ్మ అడిగింది.

"సన్నమేనమ్మా."

"నా మొగుడి రోజుల్లో ఈ వ్యాన్ ఏమైపోయింది? ఆయన కోసం వచ్చిన వ్యాన్ ఒక్కటే, శవాలది," అని ఆమె నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఎలియాస్‌కి ఆ నవ్వు మింగుడుపడలేదు.

వలెస్కా మెట్లు దిగి వచ్చింది. తెల్లకోటు, ఎర్రటి లిప్‌స్టిక్, సినిమా పోస్టర్‌లోంచి దిగినట్టున్న నడక.

"మెకానిక్ గారూ, సముద్రం మీద పొగమంచు విడిపోయిందా?"

"కొండ దాకా విడిపోయింది." కోడ్ సరిపోయింది.

"లోపల కంపెనీ మనిషి బ్రెన్నర్ ఉన్నాడు," అంది పెదవులు కదలకుండా. "ట్యూబుల స్టాండు పైన కెమెరా. కరెంటు పోతే ఫోన్ లైటు వెలిగించడానికి వాడికి ఎంతోసేపు పట్టదు."

డాన్ హిలారియో టీవీ వాళ్లను తోసుకుంటూ వచ్చాడు. "నా రక్తంలో సగం రాగి ఉంటుందమ్మా, సూది విరుగుతుందేమో చూసుకో!" అన్నాడు వలెస్కాతో. జనం చప్పట్లు కొట్టారు. ఆయన వ్యాన్ ఎక్కి కూర్చోగానే, వెనక తలుపు సందులోంచి ఎలియాస్ చూస్తుండగా, ముదురు రంగు రక్తం ట్యూబులోకి ఎక్కింది. వలెస్కా లేబుల్ అంటించి స్టాండులో పెట్టింది. బ్రెన్నర్ లేచి అటు అడుగు వేశాడు.

ఎలియాస్ స్పానర్‌తో మీట నొక్కాడు. జనరేటర్ ఆగిపోయింది. కిటికీలు మూసిన వ్యాన్ చీకటైంది.

"ఫ్యూజు పోయింది సర్, చూస్తాను!" అంటూ లోపలికి దూరాడు. చీకట్లో వలెస్కా ట్రే జారవిడిచింది. ఆ గలగలలో అతను ఆయన ట్యూబు లేబుల్ పీకి, స్పానర్ పిడిలోంచి తీసిన తన ట్యూబుకు అంటించాడు. దాన్ని స్టాండులోకి తోసి, ఆయన ట్యూబును పిడిలోకి జార్చాడు. వేళ్లు వెనక్కి తీశాడో లేదో, ఫోన్ లైటు వెలిగింది. బ్రెన్నర్ చెయ్యి స్టాండు మీద పడింది.

అందులో ఉన్నది ఎలియాస్ రక్తం.

మిషన్ సక్సెస్.

* * *

రెండు రోజుల తర్వాత ఫలితాలు ప్లాజాలోనే పంచారు. ఆ సరికే ఎలియాస్‌ని డాన్ హిలారియోకి బాడీగార్డుగా వేశారు. ఫలితం వినగానే ముసలాయన అతన్ని వాటేసుకున్నాడు.

"ఏమీ లేదటరా! మా అన్న పోయాడు, నాతో గనిలోకి దిగినవాళ్లు సగం మంది పోయారు. ప్రతి జలుబుకీ నా వంతు వచ్చిందనుకున్నా. ఏమీ లేదట!" ఆయన కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే ఆసుపత్రికి ఫోన్ చేశాడు. "నాకు రాసిన స్కానింగ్ ఇంకెవరికైనా ఇవ్వండమ్మా. నాకక్కర్లేదు."

ఎలియాస్ ఆ సాయంత్రం డైరెక్టర్ గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్లాడు.

"ఆయన ట్యూబు ఏం చేశారు సర్?"

"మనం కూడా పరీక్ష చేయించాం," అన్నాడు సాలస్ తల ఎత్తకుండా. "పాజిటివ్. స్కాన్ చేస్తే గానీ ఖాయం కాదు. కానీ గట్టి పాజిటివ్. ఇప్పుడైతే కోసి తీసేయొచ్చట."

"మరి చెప్పండి!"

"చెబితే ఆసుపత్రికి వెళ్తాడు. వెళ్తే ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే వాళ్లకి తెలుస్తుంది. సంతకాలయ్యాక చెబుదాం."

"సంతకాలెప్పుడు?"

"వాళ్లు పెట్టినప్పుడు. నోరు మూసుకుని ఉండు. ఇది ఆర్డర్."

మర్నాడు చేపల మార్కెట్ దగ్గర వలెస్కా కనిపించింది, చేతిలో సూట్‌కేసుతో. రేవుగట్టు కింద సీ లయన్లు అనే నీటి జంతువులు బద్ధకంగా అరుస్తున్నాయి.

"వెళ్లిపోతున్నావా?"

"బ్రెన్నర్‌కి నా ట్రే మీద అనుమానం వచ్చింది." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఆయనకి ఉంది కదూ?"

ఎలియాస్ సముద్రం వైపు మొహం తిప్పుకున్నాడు.

"మావాళ్లు దుర్మార్గులే, ఒప్పుకుంటా. కానీ ఆయనకి చెప్పేవాళ్లు. బెదిరించడానికైనా సరే, చెప్పి తీరేవాళ్లు." సూట్‌కేసు లాక్కుంటూ వెళ్లిపోయింది.

* * *

అతను ఆ వారం ఓపిక పట్టాడు. ఆయన మెట్లెక్కేటప్పుడు ఊపిరి వింటూ, దగ్గితే ఉలిక్కిపడుతూ, అది దుమ్మేలే అని తనకు తాను చెప్పుకుంటూ. ఒక ఉదయం కారులో ఆయన కజ్జికాయలాంటి ఎంపనాడా తుంచి సగం అతని చేతిలో పెట్టాడు. ఎలియాస్ కారు రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"డాన్ హిలారియో, ఆ ఫలితం మీది కాదు. ట్యూబు నేనే మార్చాను. అది నా రక్తం. మీకు జబ్బుంది. దయచేసి ఈరోజే ఆసుపత్రికి పదండి."

ముసలాయన నమలడం ఆపి అతని వైపు తిరిగాడు. తర్వాత జాలిగా నవ్వాడు.

"సాలస్ ముందే చెప్పాడురా. సంతకాల ముందు ఎవరో ఒకరు వచ్చి నీకు రోగమని భయపెడతారు, బెదరొద్దు అని. ఆ వచ్చేది నువ్వవుతావనుకోలేదు. ఎంతిచ్చారేంటి?"

"నేను మీ మనిషినండీ! కావాలంటే వేరే చోట మళ్లీ పరీక్ష చేయించుకోండి!"

"చేయించుకుంటే పేపర్లో వేస్తారు. వాళ్లకి కావాల్సిందీ అదే." ఆయన తలుపు తెరుచుకుని దిగాడు. "పోరా నాయనా. నీ మీద ఫిర్యాదు చెయ్యనులే. మిగతా దూరం నడిచిపోతా."

దుమ్ము కొట్టుకుపోయిన రోడ్డు మీద ఆయన నడుస్తూ వెళ్లాడు. మలుపు దగ్గర ఆగి, గోడకి చెయ్యి ఆనించి దగ్గాడు. ఎలియాస్ చేతులు స్టీరింగ్ మీదే ఉండిపోయాయి. ఆయన ఒంటరిగా నడిచి వచ్చిన సంగతి సాలస్ దాకా వెళ్లింది; ఆ సాయంత్రమే అతన్ని ఆ డ్యూటీ నుంచి తీసేశారు.

చర్చలు ఎండాకాలమంతా సాగాయి. సంతకాలయ్యాయి. షరతులన్నీ డాన్ హిలారియో పట్టుబట్టినవే. ఊరు ఊరంతా బాణసంచా కాల్చింది. ఆ తర్వాతే సాలస్ పూలగుత్తితో ఆయనింటికి వెళ్లి నిజం చెప్పాడట.

ఎలియాస్ ఆసుపత్రికి వెళ్లేసరికి స్కాన్ అయిపోయింది. కోయడానికి వీల్లేదని డాక్టర్ అప్పటికే చెప్పేసింది. ముసలాయన మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. ఎలియాస్ గుమ్మం దాటలేకపోయాడు.

"రా, కూర్చో," అన్నాడు ఆయన. "నువ్వు నిజమే చెప్పావు."

"చెప్పానండీ."

"గొప్ప గూఢచారివట కదా! ఊళ్లో ఎవడికైనా ఎలాంటి అబద్ధమైనా నమ్మేట్టు చెప్పగలవట." ఆయన దగ్గు ఆపుకుని, కప్పు పక్కన పెట్టాడు. "ఆ ఒక్క నిజాన్ని నమ్మేట్టు చెప్పడం మీవాళ్లు నీకు నేర్పలేదురా?"