చెరిపేసిన అలర్టులు

"ఇంజన్ ఆపకుండా బండి నిలబెట్టారు. ఎందుకు?"

"మీ గొంతు వినాలని మేడమ్."

కంట్రోల్ రూములో కూర్చున్న ఆ అమ్మాయికి ఒళ్ళు మండింది. కంపెనీ పార్సిల్ వ్యాన్లన్నీ ఆమె ముందున్న స్క్రీన్ మీద చుక్కలై తిరుగుతుంటాయి. ఏ బండైనా దారి తప్పినా, వేగం మించినా, ఊరికే నిలబడి డీజిల్ తగలేసినా అలర్ట్ మోగుతుంది. వెంటనే ఫోన్ చేసి డ్రైవర్ని నిలదీయాలి. అందుకే డ్రైవర్లు ఆమెకు పోలీసమ్మ అని పేరు పెట్టారు. ఇతన్నేమో నిదానం అంటారు. ఇతని బండిని సైకిళ్ళు కూడా దాటిపోతాయని వాళ్ళ వేళాకోళం.

ఆ రోజు బాగా చీవాట్లు పెట్టింది. మర్నాడు మళ్ళీ అలర్ట్. చూస్తే బండి ఆఫీసు కిందే ఉంది. విసురుగా కిటికీ తెరిచింది. జోరుగా వాన. బండి అద్దం మీద నీళ్ళు తుడిచే పుల్లలు అటూ ఇటూ ఊగుతుంటే, వాటి వెనక నుంచి వినయంగా నమస్కారం పెట్టాడు నిదానం. నవ్వు ఆపుకోలేక కిటికీ మూసేసింది.

అలా మొదలై, వానలు వెనకబట్టేసరికి ఆమె ఇంటిదాకా వచ్చింది వ్యవహారం. నడుం విరిగి మంచం పట్టిన తల్లి అతన్ని ఎగాదిగా చూసింది. ఆ తల్లి మొగుడు దూరాలకు లారీ తోలేవాడు. ఇంట్లో ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. చివరికి ఏదో దారిలోనే పోయాడు.

"పొద్దు గూకేసరికి ఇంటికి చేరతావా బాబూ?"

"చేరతానండీ."

"అయితే నాకు ఇంకేం అక్కర్లేదు."

ఇంతలో మేనేజరు ఒక మాట చెప్పాడు. ఎవరికెన్ని అలర్టులొచ్చాయో చూసి నెలాఖరుకి ఎవరి సంగతేమిటో తేలుస్తామన్నాడు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారని ఆమె భయపడింది. అతను మాత్రం కిటికీ కింద బండి ఆపడం మానలేదు. పైగా ఇంకా ఎక్కువైంది. ఎంత పోట్లాడినా నవ్వి ఊరుకున్నాడు. ఇక చేసేది లేక, అతని అలర్ట్ మోగినప్పుడల్లా ట్రాఫిక్‌లో బండి ఇరుక్కుందని కారణం రాసి మూసేసింది. అలా మూసేస్తే లెక్కలోకి రావు. ఉద్యోగంలో చేరాక ఆమె రాసిన మొదటి అబద్ధం అదే.

నెలాఖరున మేనేజరు అందరినీ పిలిచి, కంపెనీ కొత్తగా దూరప్రాంతాల లారీలు కొన్నదనీ, అలర్టుల్లేని మంచి డ్రైవర్లకే వాటిని ఇస్తున్నామనీ చెప్పి, మొదట నిదానానికే తాళం చెవి అందించాడు. వద్దన్నవాళ్ళకు ఉద్యోగం ఉండదన్నాడు. నిదానం జీతం మీదే అతని చెల్లెలి చదువు నడుస్తోంది.

గేటు దగ్గర నిదానం ఆమెను ఆపాడు.

"నా అలర్టులేమయ్యాయి?"

"నేనే కొట్టేశాను. నిన్ను తీసేస్తారేమోనని."

అతను చేతిలోని తాళం చెవి కేసి చూశాడు. "ఈ లారీల సంగతి నాకు ముందే తెలుసు. నన్ను పంపకూడదనే చెడ్డపేరు పోగేసుకుంటున్నాను."

"నాతో ఒక్క ముక్క చెప్పకూడదా?"

"చెబితే ఒప్పుకోవనుకున్నా."

నీ కోసం ఇంత పని చేసినదాన్ని అది ఒప్పుకోనా అని అడగబోయి, మధ్యలోనే వెనక్కి తిరిగింది.

తిన్నగా మేనేజరు దగ్గరికెళ్ళి చేసిందంతా చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. ఇది పైకి తెలిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని, తను విననట్టే ఉంటానని చెప్పి, తలుపు వేసి వెళ్ళమన్నాడు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పింది. మళ్ళీ ఎప్పుడొస్తాడని అడిగింది తల్లి. తెలియదంది కూతురు. తల్లి గోడవైపు తిరిగింది.

లారీ బయల్దేరిన రోజు అతను ఫోన్ చేశాడు.

"నాకోసం ఎదురుచూస్తావా?"

ఆమె మంచం వైపు చూసింది. దుప్పటి కింద అమ్మ వీపు కదలకుండా ఉంది. నిద్రపోవడం లేదని తెలుస్తూనే ఉంది.

"చూడను. ఈ ఇంట్లో ఒక మనిషి చూసింది చాలు."

అయినా ఇద్దరూ ఫోన్ పెట్టలేదు. కాసేపటికి ఇంజన్ రొద పెరిగి, లారీ కదిలిన చప్పుడు వినిపించింది.

"బండి నడుపుతూ ఫోన్ పట్టుకోకూడదు," అందామె. "పెట్టెయ్."

అతను పెట్టేశాడు.