ప్రెసిడెంటు క్షమించాడు

పరుగు!

పెంచలమ్మ చెప్పులు ఎక్కడో జారిపోయాయి. పొద్దు గూకినా ఒమన్‌లోని ఈ ఖబూరా తీరపు ఇసుక ఇంకా కాలుతూనే ఉంది. ఆగదు. ఆగితే కొడుకు దక్కడు!

చేతిలో ఫోన్. అందులో ఓబులేసు గొంతు.

"అమ్మా! ప్రెసిడెంటు ఆర్డరేసినాడు. నన్ను బోటెక్కిస్తాండారు. ఇంక తిరిగి రాను మా..."

కట్!

ఆ మెసేజ్ విన్నాక ఆమె చేసిన మొదటి పని... కిటికీలోంచి ఆకాశం కేసి చూడటం!

తను వంట చేసే ఇంట్లో పొద్దుటి నుంచీ టీవీ మోగుతూనే ఉంది. అమెరికా ప్రెసిడెంటు. ఆయన ఊ అంటే యుద్ధ నౌకలు కదులుతాయట. ఇంకేముంది, పిల్లాడి బోటు మీదే బాంబు పడుతుందనుకుంది. పొయ్యి మీద కూర మాడిపోయేదాకా ఆకాశాన్నే చూస్తూ నిలబడింది.

అప్పుడు తట్టింది...

ప్రెసిడెంటంటే చెన్నప్ప!

సొంతూళ్లో ఒకప్పటి పంచాయతీ ప్రెసిడెంటు. ఓడిపోయి ఒమన్ వచ్చాడు. పదవి పోయినా పిలుపు పోలేదు. పైకి చేపల కంపెనీ. లోపల దొంగ డీజిల్. చేపల పనని చెప్పి ఓబులేసుకు వీసా పంపింది అతనే.

ఎంతసేపు వృథా చేసింది! ఈపాటికి బోటు కదిలిపోయిందేమో... వాణ్ని నీళ్లలోకి తోసేశారేమో...

అదిగో, ఒడ్డున కంపెనీ షెడ్డు. శుక్రవారాలు కొడుక్కి అన్నం తెచ్చిచ్చేది ఇక్కడికే.

తలుపు తోసింది.

ఉన్నాడు! బతికే ఉన్నాడు!

ఐసు పెట్టెల మధ్య ఓబులేసు. చేతులకు వల తాడు. పెదవి చిట్లి నెత్తురు. పక్కన పిస్టల్‌తో నాగేశు. చెన్నప్పకు కుడిభుజం. ప్రెసిడెంటు తర్వాత వీడే గనక అందరూ 'వైసు' అంటారు.

కుర్చీలో చెన్నప్ప. ఎదురుగా టీవీ. అందులోనూ అమెరికా ప్రెసిడెంటే!

"నా కొడుకు ఏం చేసినాడు సామీ?"

"కోస్ట్ గార్డుకు ఫోన్ చేసినాడు. నిన్న రాత్రి మన డీజిల్ బోటు పట్టుకున్యారు."

"నేను చెయ్యల్యా!" ఓబులేసు అరిచాడు.

వైసు చెయ్యి లేచింది. చెంప పగిలింది.

చెన్నప్ప టీవీ వైపు చెయ్యి చూపించాడు. "ఆయప్పను చూడు పెంచలమ్మా. మిలిటరీకంతా పెద్ద. చట్టం నచ్చకుంటే వీటో అని తిప్పికొడతాడు. ఈ షెడ్డులో నేనూ అంతే."

"ఆయప్పను అడిగేటోళ్లే ల్యారా సామీ?"

"ల్యాకేం! కాంగ్రెస్ ఉండాది, వాళ్ల పార్లమెంటు. మూడింట రెండొంతుల మంది ఒకటైతే ఆ వీటో గూడా చెల్లదు. కోర్టులుండాయి. నాకా పీడ ల్యా!" పగలబడి నవ్వాడు. "వైసు ప్రెసిడెంటు పనేందో తెల్సా? నేనెప్పుడు సస్తానా అని కూచోడం. అంతే గదరా?"

వైసు నవ్వాడు. కాస్త ఆలస్యంగా.

బయట బోటు ఇంజన్ దడదడమంది.

పెంచలమ్మ చెన్నప్ప కుర్చీ ముందుకొచ్చి నిలబడింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది!

"ఆయప్ప క్షమాభిక్ష గూడా పెడతాడంట గదా! టీవీలో చెప్పినారు. జైల్లో ఉన్నోణ్ని ఒక్క సంతకంతో ఇడిచిపెడతాడంట. ఆ ఒక్కటి నేర్చుకోల్యాదా నువ్వు? సంపేదానికి ఎవుడైనా సాలు చెన్నప్పా... ఇడిచిపెట్టేదానికే ప్రెసిడెంటు కావాల!"

చెన్నప్ప మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ మాట అతని మెడలో పూలదండలా పడింది.

"తాడు ఇప్పురా."

"అన్నా! వీడు బయటికి పోయి నోరు తెరిస్తే..."

"ఇప్పమన్యా! పెంచలమ్మా, నీ కొడుకును క్షమించినా. ఒకసారి క్షమించినాక, తర్వాత వచ్చే ప్రెసిడెంటు గూడా దాన్ని తీసెయ్యల్యాడు. అదీ పవరంటే! పోండి."

తాడు తెగింది.

కొడుకు చెయ్యి పట్టుకుంది. బయటికి లాగింది. మళ్లీ పరుగు! రోడ్డు లైట్లు కనిపిస్తున్నాయి... ఇంకొంచెం... ఇంకొంచెం...

ఢాం!

ఓబులేసు వీపు తడిమింది. రొమ్ము తడిమింది. తడి లేదు. నెత్తురు లేదు.

కాల్పు షెడ్డు లోపల!

"ఆగు పెద్దమ్మా!"

వైసు. చేతిలో పిస్టల్. అడుగులో తొందర లేదు.

"ప్రెసిడెంటు పాయె. ఇప్పుడు నేనే."

"నాయనా... క్షమించినాడు గదా! తర్వాత వచ్చినోడు తీసెయ్యల్యాడని నీ ముందరే చెప్పె!"

"అది అమెరికాలో."

"ఒట్టు నాయనా! వీడు ఆ ఫోన్ చెయ్యల్యా..."

"తెల్సు."

పిస్టల్ లేచింది.

"చేసింది నేనే."

పెంచలమ్మ కొడుక్కి అడ్డం తిరిగింది. వెనక్కి చెయ్యి చాపి వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒళ్లంతా బిగబట్టి నిలబడింది. కానీ ఆమె తల వాడి రొమ్ము దాటి రాదు. ఎప్పుడు ఇంత ఎత్తు పెరిగాడు!

ఢాం!

నొప్పి లేదు.

ఎక్కడా నొప్పి లేదు... గురి తప్పింది! తప్పింది!

అప్పుడు తన చేతిలోని చెయ్యి జారిపోయింది.