ఓబమ్మ నూరిన మందు

పొద్దున ఏడున్నరకల్లా కామయ్య కంచం ఖాళీ అయింది. ఎవరైనా చూస్తుంటే ముద్ద దిగదంటూ ఆయన గొర్రెల దొడ్డి దగ్గరే కూర్చుని తింటాడు. పెద్దపేగు క్యాన్సరుకు ఆపరేషనైన మనిషి రెండు పూటలా సంగటి మిగల్చడం లేదంటే అది తన చేతి మహిమేనని భార్య ఓబమ్మ నమ్మకం.

ఆ సంగటిలో ఓ రహస్యం కూడా ఉంది. ఆపరేషన్ తర్వాత డాక్టరు రాసిన క్యాన్సరు మాత్ర మొదటి రోజే గొంతుకు అడ్డంపడేసరికి, "చంపినా మింగను" అని కామయ్య మొండికేశాడు. దాంతో డాక్టరు మాత్రలు మానేయమన్నాడని మొగుడికి అబద్ధం చెప్పి, ఓబమ్మ వాటిని రోట్లో నూరి సంగట్లో కలపసాగింది.

ఆ రోజు మూడో విడత మాత్రల కోసం వరికుంటపాడులో బస్సెక్కి, ఉదయగిరిలో కరుణశ్రీ అనే పిల్ల నడిపే మందుల షాపుకు వచ్చింది. ప్రతిసారీ వంద ప్రశ్నలు వేయనిదే ఆ పిల్ల మాత్రలివ్వదు.

"తాతకు విరేచనాలేమన్నా అవతాండాయా అవ్వా?"

"ఆయనకేం, రాయి మాదిరుండాడు. మా పొట్టేలుకే వారంగా ఆగడంలా. దానికేమన్నా బిళ్లుంటే ఇయ్యి."

"నోట్లో పుండ్లు?"

"అవీ పొట్టేలుకే! గడ్డి నమలలేకుండాది."

కరుణశ్రీ చేతిలో పెన్ను ఆగిపోయింది. "తాత మాత్రలు ఎట్లా మింగతాండాడు?"

ఓబమ్మ గర్వంగా గొంతు తగ్గించింది. "మింగేదేంది? నూరి సంగట్లో కలపతాండా."

"నూరినావా?" కరుణశ్రీ అరుపుకు షాపు ముందు బస్సు కోసం నిలబడినవాళ్లంతా తిరిగి చూశారు. "వాటిని నూరకూడదు, ఉత్త చేత్తో ముట్టకూడదని నీ కొడుక్కి చెప్పినానే!"

"వాడు ఫోను చూసుకుంటా తలూపినాడేమో!"

"ఆ పొడి, కడుపుతో ఉండే వాళ్లకు తగిలితే బిడ్డకు ప్రమాదం. రేణుక ఆ రోట్లో ఏమన్నా నూరతాదా?"

ఓబమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. కోడలికి ఐదో నెల. "లే... లేదు. దానికి అన్నిటికీ మిక్సీనే."

రోజూ ఆ మిక్సీ మోతకు కోడల్ని తిట్టే ఓబమ్మ, ఆ క్షణాన మిక్సీకి మనసులోనే దండం పెట్టింది.

కరుణశ్రీ నెల్లూరు డాక్టరుకు ఫోను చేసింది. షాపు భర్తకు అప్పగించి, ఓబమ్మను స్కూటీ ఎక్కించుకుని వాళ్లింటికి వచ్చి, కామయ్యను నిలదీసింది.

"తాతా, నిజం చెప్పు. అవ్వ పెట్టే సంగటి ఎవరు తింటాండారు?"

కామయ్య ఆకాశం చూశాడు, నేల చూశాడు. "పొట్టేలు."

ఓబమ్మ భగ్గుమంది. "చేతులు పడిపోయేటట్టు గెలికి పెడితే పొట్టేలుకు పెడతావా? మరి నువ్వేం తింటాండావు?"

"రేణుక చాటుగా దోసెలు పోస్తాండాది."

గుమ్మంలో నిలబడ్డ రేణుక చప్పున లోపలికి మాయమైంది.

"విషం మాదిరి చేదుగా ఉండాదే ఆ సంగటి!" అన్నాడు కామయ్య.

"ఆ మాట నాతో చెప్పకపోతివా?"

కామయ్య తల దించుకున్నాడు. "ఎట్లా చెప్పేది? ఆపరేషనప్పట్నుంచి కంచం ఖాళీ అయినప్పుడే నీ ముఖాన నవ్వు చూస్తాండా. అది కూడా పోగొట్టుకోమంటావా?"

ఓబమ్మ అరుగు మీద కూలబడి, మాత్రల సంగతంతా చెప్పేసింది. "రెండు విడతల మందు నేనే మట్టిపాలు చేసినానయ్యా" అని ఏడ్చింది.

"ఆలస్యం జరిగింది గానీ దారి మూసుకుపోలేదు" అంది కరుణశ్రీ. "డాక్టరు రేపు రమ్మన్నాడు. పరీక్షలు చేసి ఏం చెయ్యాలో చెబుతాడు. రేణుకనూ చూపించండి. ఆ రోలు ఎవరూ ముట్టొద్దు. పొట్టేలును పశువుల డాక్టరుకు చూపించండి, అమ్మొద్దు, కొయ్యొద్దు."

రేణుకకూ బిడ్డకూ ఏమీ కాలేదన్నారు. పది రోజుల తర్వాత కామయ్యకు డాక్టరు మాత్రలు మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి రోజు కరుణశ్రీ దగ్గరుండి, సంగటి తిన్నాక, గడ్డం కొంచెం కిందికి దించి నీళ్లతో ఎట్లా మింగాలో చూపించింది. కామయ్య రెండుసార్లు దగ్గాడు. మూడోసారి మాత్ర దిగింది. ఆయన గొంతు వైపే చూస్తున్న ఓబమ్మ అప్పుడు అడిగింది.

"ఈపొద్దు సంగటి ఎట్లుండాది?"

"నిజం చెప్పేదా?"

"చెప్పు."

"ఉప్పు తక్కువైంది."

ఆపరేషనయ్యాక మొగుడు తన వంటకు వంక పెట్టడం అదే మొదటిసారి. ఓబమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.