చెదల కుండ

ఇంద్రేశం ఊరి బాట పట్టిన రోజున నా దగ్గరున్నవి ఒక పాత సైకిలు, చెదల మందు డబ్బా, ఎవరికైనా ఏదైనా అమ్మగలనన్న పొగరు. నాన్నగారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. నాకు మాత్రం బేరమే ఇష్టం.

ఆ ఊళ్లో రాజవ్వ అనే ముసలామె పెరట్లో కుండలు బోర్లించి ఉన్నాయి. ఒకటి ఎత్తి చూశాను. లోపల పేడ, గడ్డి, నిండా చెదలు! ఇంతకన్నా మంచి గిరాకీ ఉంటుందా? ముందు ఉచితంగా రుచి చూపి, తర్వాత అమ్మడం నా పద్ధతి. అడక్కుండానే పొడి చల్లేశాను.

"ఓయ్! ఏం జేస్తున్నవ్?"

రాజవ్వ కూతురు సుమిత్ర.

"చెదలకు మందండీ. మొదటి కుండకు ఉచితం."

"నీ దిమాక్‌కు ఎవరన్న మందు జల్లిన్రా? గవి నా కోడిపిల్లల బువ్వ! పేడ, గడ్డి పెట్టి చెదలను మేమే పిలుసుకుంటం!"

అప్పటికే కోడిపిల్లలు కుండవైపు పరుగు తీస్తున్నాయి. ఆ పిల్లల్ని పెంచి అమ్మితేనే ఆమెకు కుట్టు మిషన్ అని తర్వాత తెలిసింది. ఉన్నట్టుండి వాన కూడా అందుకుంది. ఆమె పిల్లల వెంట పడింది. నేను జారి, కుండను కౌగిలించుకుని బోర్లాపడ్డాను. ఒక్క పిల్ల ముక్కూ కుండకు తగల్లేదు.

ఆమె పగలబడి నవ్వింది. "గా కుండను ఇడువు, లగ్గం జేస్కుంటవా ఏంది?"

"కుండను కాదండీ..."

నోరు జారింది. ఆమె నవ్వు ఆగింది. బుగ్గలు మాత్రం ఎర్రబడ్డాయి.

మందు కుండను దూరంగా పూడ్చి వచ్చాక రాజవ్వ తీర్పు చెప్పింది: "ఇంకో కుండ పెట్టి నింపు బిడ్డా. అది నిండినంక నీ తొవ్వ నువ్వు పో."

నేను పెట్టిన కుండకు ఒక్క చెదా రాలేదు. నీళ్లు ఎక్కువయ్యాయట. సుమిత్రకు రోజూ అదే వేడుక. చివరికి నాన్నగారి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పారేసే ఎంగిలి విస్తళ్లు సైకిలు మీద తెచ్చి పేడలో కలిపాను. చెదలు ఎగబడ్డాయి.

"నిండిందండీ. ఇక వెళ్లనా?" అన్నానే గానీ సైకిలు స్టాండు తీయలేదు.

సుమిత్ర కుండ ఎత్తి మొత్తం పిల్లల ముందు దులిపేసింది.

"యాడ నిండింది? సూడు, ఖాళీ."

అరుగు మీంచి రాజవ్వ కేకేసింది. "ఎన్ని దినాలు దులుపుతవే? లగ్గం మాట్లాడనీకి మీ అమ్మానాయిన్ని తోలుకరా పిలగా!"

లెక్క తేలింది. పోయినవి మందు డబ్బా, పొగరు. సైకిలు అలాగే ఉంది. వెనక సీటు మాత్రం పెళ్లి రోజు నుంచి ఖాళీగా లేదు.