బురద కరెంటుకు గిరాకీ

బల్బు వెలిగింది. గట్టు మీద నిలబడ్డ పెద్దమనుషుల్లో ఒక్కరు కూడా దాన్ని సరిగ్గా చూడలేదు. హైదరాబాద్ నుంచి ఏసీ కార్లలో దిగినవాళ్ళు. రొయ్యల చెరువు కంపుకి ముక్కుల మీద రుమాళ్ళు అడ్డం పెట్టుకుని, కార్లు ఎక్కడ ఆపామా అని వెనక్కి చూసుకుంటున్నారు. కింద, నీళ్ళు తీసేసిన చెరువులో, మొలలోతు నల్లబురదలో నిలబడి వైరు పైకెత్తి పట్టుకున్న మనిషి డాక్టర్ కొల్లాటి పద్మరేఖ. ఆ బల్బుకి కరెంటు స్తంభం నుంచి రావడం లేదు, ఎండ నుంచీ రావడం లేదు. ఆమె కాళ్ళ కింద బురదలోంచి వస్తోంది.

"చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉంది డాక్టర్," అన్నాడు మేఘనాథ్. కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టడం ఆయన వృత్తి. "కస్టమర్లు ఎంతమంది?"

"మొదటి కస్టమర్‌కి మిషన్ పెట్టడానికే మిమ్మల్ని డబ్బు అడుగుతున్నానండీ."

"ముందు కస్టమర్‌ని చూపించండి. డబ్బుదేముంది, అది తర్వాత వస్తుంది."

ఇలాంటి మాట ఆమె అప్పటికి ఎందరి నోట విన్నదో. స్వచ్ఛమైన కరెంటు కావాలని సభలు పెట్టని ఊరు లేదు, శాలువాలు కప్పని వేదిక లేదు. డబ్బు తియ్యమనేసరికి అందరికీ పక్కవాడు గుర్తొస్తాడు.

ఇంతకీ ఆ మిషన్ ఏమిటంటే, చూడండి, అర్థం చేసుకోవడం పెద్ద కష్టమేం కాదు. చెరువు అడుగు బురదలో బాక్టీరియా ఉంటుంది. రొయ్యలు వదిలేసిన మేత, వాటి పెంట, చచ్చిన నాచు, ఏది దొరికితే అది తింటుంది. తిన్నాక లోపల మిగిలిన ఎలక్ట్రాన్లని ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. గాలి ఉంటే గాలికిచ్చేస్తుంది. బురద అడుగున గాలి ఉండదు. అక్కడ కార్బన్ దుప్పటి ఒకటి పరిచి దానికి వైరు కడితే, పోనీ నువ్వే తీసుకో అని వైరుకిచ్చేస్తుంది. అదే కరెంటు. ఇంతవరకూ పాత సంగతే, లాబొరేటరీల్లో చిన్నచిన్న బల్బులు వెలిగించిన సంగతే. పద్మరేఖ పెంచిన బాక్టీరియా మాత్రం ఆవురావురుమని తినే రకం. ఒక చెరువు బురదతో ఆ చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తిరుగుతాయి. అది తింటున్నకొద్దీ బురద కంపు పోతుంది, నీరు తేటపడుతుంది.

ఆమెకి కావలసింది ఆ తేటపడటమే. కరెంటు మీద ఆమెకి మోజేం లేదు.

ఈ కథ జరిగేనాటికి డెల్టాలో వరి అన్నది తగ్గిపోయి, సముద్రం దాకా చెరువులే మిగిలాయి. ప్రతి పంట తర్వాతా ఆ చెరువుల కుళ్ళునీరంతా ఒకే మురుగుకాలువలో పడుతుంది. ఆ కాలువ చివర, ఉప్పుటేటిలో కలిసేచోట పీతలంక ఉంది. వల వేసి బతికే ఊరు, పద్మరేఖ పుట్టిన ఊరు. కాలువలో చేప చచ్చి చాలా ఏళ్ళయింది. తల్లి పోయాక ఆమెని పెంచిన పిన్ని సింహాద్రమ్మ, వల చూరులో పెట్టేసి, రొయ్యల తల వొలిచే షెడ్డుకి పోతోంది. కాలువ బాగుపడకపోతే ఊరు ఖాళీ చేయాల్సిందేనని ఆఫీసర్లు వచ్చి చెప్పిపోయారు. ఊరు నిలబడాలంటే కాలువ బాగుపడాలి, కాలువ బాగుపడాలంటే పైనున్న ప్రతి చెరువులోనూ మిషన్ ఉండాలి. పద్మరేఖ మంచి జీతం ఉన్న ఉద్యోగం వదిలి బురదలో దిగింది అందుకు.

ఇక కస్టమర్ల సంగతి. ఆ బల్బు వెలిగిన చెరువు కౌలుదారు నరసింహరాజు. మర్యాదస్తుడు, మాట మెత్తన.

"మిషను బాగుంది డాక్టరు గారూ, కాదన్ను. కానీ నా లీజు వచ్చే ఏడుతో అయిపోద్దండి. నేను పెట్టిన మిషను మీద తర్వాత కౌలుకొచ్చినోడు సోకు చేసుకుంటాడా? ఓనర్ని అడగండి."

ఓనరు విశాఖపట్నంలో ఉంటాడు. చెరువు మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు. ఫోన్లో అన్నాడు: "కరెంటు బిల్లు కట్టేది లీజుదారే కదమ్మా. లాభం వాడిదైనప్పుడు ఖర్చు నాకెందుకు? వాడినే అడుగు."

పెట్టుబడిదారు కస్టమర్ని చూపించమంటాడు, కౌలుదారు ఓనర్ని చూపిస్తాడు, ఓనరు కౌలుదారుని చూపిస్తాడు. డెల్టా అంతా ఇదే పద్ధతి. చెరువు ఒకరిది, రొయ్య ఒకరిది, కుళ్ళు మాత్రం ఎవరిదీ కాదు. పద్మరేఖ స్కూటీ మీద తిరగని గట్టు లేదు, తాగని టీ లేదు. ఒక్క మిషనూ అమ్ముడుపోలేదు. దగ్గరున్న ఇద్దరు ఇంజనీర్లు కూడా తలవంచుకుని వెళ్ళిపోయారు. వాళ్ళని తిట్టడానికి ఆమెకి నోరు రాలేదు.

అప్పుడు మేఘనాథ్ నుంచి ఫోన్ వచ్చింది.

"మీరు తప్పు మనిషికి అమ్ముతున్నారు డాక్టర్. రైతు మీ కస్టమర్ కాదు, మీకు సరుకు ఇచ్చేవాడు. సముద్రం ఒడ్డున కట్టిన డేటా సెంటర్ చూశారుగా? స్వచ్ఛమైన కరెంటే వాడాలని దాని మీద చట్టం ఉంది. వాళ్ళకి రాత్రీపగలూ ఆగని కరెంటు కావాలి. ఎండ సాయంత్రానికి పోతుంది, గాలి ఎప్పుడొస్తుందో తెలీదు. బురద ఎక్కడికీ పోదు. వాళ్ళకి అమ్మండి. అందులో రైతుకింత ఇవ్వండి. మిషన్ల ఖర్చు నేను పెడతాను."

పద్మరేఖకి ఆ రోజు అన్నం సహించలేదు, సంతోషంతో. ఆ తర్వాత వచ్చిన కాంట్రాక్టు మొత్తం చదివింది. ఒప్పుకున్నంత కరెంటు ఇవ్వకపోతే జరిమానా అని ఉన్నచోట కాస్త ఆగింది. బురదకేం కరువు అనుకుని సంతకం పెట్టేసింది.

కౌలుదారుకి పైసా ఖర్చు లేకుండా మిషన్, పైగా నెలనెలా ఎదురు డబ్బు. నరసింహరాజు లీజు పొడిగించుకుని మరీ అందరికంటే ముందు వచ్చాడు. ఆయన వెనకే డెల్టా అంతా వచ్చింది. ఆ ఏడాది మురుగుకాలువలో నీళ్ళ అడుగున ఇసుక కనిపించింది. సింహాద్రమ్మ చూరులోంచి వల తీసింది. మొదటి రోజు నాలుగు జెల్లలూ ఒక మట్టగిడసా పడితే, వాటిని కూర వండకుండా పద్మరేఖ వచ్చేదాకా బిందెలో ఈదనిచ్చింది.

"సూడవే పద్దూ, బతికున్నాయి," అంది. పద్మరేఖ బిందెలో చెయ్యి పెట్టి ఏడ్చింది.

ఆ సుఖం ఒక్క ఏడాదే.

కుళ్ళు తగ్గితే కరెంటు తగ్గుతుంది. ఈ చిన్న విషయం కాంట్రాక్టు రాసిన లాయర్లకి తట్టలేదు, పద్మరేఖకీ తట్టలేదు. రైతులకి మాత్రం మొదటి నెల డబ్బు తగ్గగానే తట్టింది. వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చునే రకమా? రొయ్యకి మేత వేసి బరువు పెంచిన చేతులవి. బురదకీ మేత వెయ్యడం మొదలుపెట్టారు. కోళ్ళఫారాల పెంట వచ్చింది, చేపల మార్కెట్ కడుగునీళ్ళు వచ్చాయి, పెళ్ళిహాళ్ళ ఎంగిలి డ్రమ్ములకెక్కి వచ్చింది. పొద్దున్నే గట్టు మీద చేరి, నీ చెరువు ఎంత ఇస్తోంది, నాదెంత ఇస్తోంది అని పోల్చుకోవడం, కిలోకి ఎన్ని రొయ్యలని కౌంట్ చెప్పుకున్నట్టే.

పద్మరేఖ నరసింహరాజు చెరువుకి పరిగెత్తింది. చెరువులో రొయ్య లేదు. నీళ్ళ మీద నురగ, దాని మీదంతా ఈగలు.

"ఏంటండీ రాజుగారూ ఇది? రొయ్యలేవి?"

"మానేశానండి." ఆయన నిదానంగా అన్నాడు. "రొయ్యకి వైట్ స్పాట్ వస్తాదండి, గిల్ రోగం వస్తాది, రేటు పడిపోద్ది. ఎన్నిసార్లు మునిగానో మీకు తెలీదు. కుళ్ళుకి ఏం రోగం వస్తాదండి? నా పిల్లలు ఇన్నాళ్ళకి కడుపునిండా తింటున్నారు. తమరి దయే."

ఆయన చేతులు జోడించాడు. అందులో వెటకారం లేదు. ఉంటే ఆమె కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది.

వానలకి చెరువులు పొర్లాయి. కాలువ మునుపటి కంటే నల్లబడింది. పిన్ని వల మళ్ళీ చూరెక్కింది. పీతలంకలో పిల్లలకి ఒంటి నిండా దద్దుర్లు.

బయటి చెత్త వేస్తే డబ్బు ఇవ్వబోమని పద్మరేఖ రూలు పెట్టింది. రైతులు మిషన్లు ఆపేసి కూర్చున్నారు. కరెంటు సగానికి పడిపోయింది. డేటా సెంటర్ వాళ్ళు జరిమానా గుర్తుచేశారు. మేఘనాథ్ హైదరాబాద్ నుంచి స్వయంగా వచ్చాడు. ఆయన చెడ్డవాడని ఈ కథ చెప్పదు. ఆమెతో నిజమే మాట్లాడాడు.

"రూలు ఉంచండి, నాకు అభ్యంతరం లేదు. మూడు నెలల్లో కంపెనీ మునుగుతుంది. మిషన్లు తుక్కుకి పోతాయి. రైతు మళ్ళీ రొయ్య వేస్తాడు, మళ్ళీ ఆ కాలువలోకే వదులుతాడు. అప్పుడు తినే బాక్టీరియా కూడా ఉండదు. కంపెనీ బతికుంటే రేపు ఎప్పుడైనా మీ కాలువ బాగుచేయొచ్చు. కాదంటారా?"

పద్మరేఖ ఆ రోజే రూలు తీసేసింది.

"ఇంకొకటి," అన్నాడాయన. "చెరువులన్నిటికంటే మంచి బురద ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? మీ పీతలంక కాలువలో. అక్కడా దుప్పట్లు పరిస్తే జరిమానా బాధే ఉండదు. ఊరివాళ్ళు మీవాళ్ళు. మీరు చెబితే వింటారు."

పద్మరేఖ పీతలంక వెళ్ళింది. ఒప్పించడానికా, వద్దని చెప్పించుకోవడానికా అన్నది ఆమెకే తెలియదు. ఎవరో ఒకరు తనని చెప్పు తీసుకుని కొడితే బాగుండునని దారంతా అనుకుంది. కులపెద్దలు సావిడి అరుగు మీద కూర్చుని ఉన్నారు, తప్పెట పక్కన పెట్టి ఉంది. ఆ ఊళ్ళో ఏటా కాలువ పాట పెట్టేవాళ్ళు. వేలంలో ఎవరు ఎక్కువ పాడితే ఆ ఏడాది చేప హక్కు వాళ్ళది, వచ్చిన డబ్బు ఊరందరిది. చేప పోయాక ఆ పాట ఆగిపోయింది.

సింహాద్రమ్మ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆలస్యం చేశావే. పాట అయిపోయింది."

"ఏం పాట పిన్నీ? కాలువలో చేప లేదుగా."

"చేపకి కాదే, కుళ్ళుకి. రాజుగారు పాడుకున్నాడు. చేప ఉన్న కాలంలో కూడా ఇంత పాట రాలేదంట. ఇంటింటికీ పంచేశారు. అందరూ టౌన్లో గదులు చూసుకుంటన్నారు, పిల్లల ఒళ్ళు మానాలిగా. కాలువని ఎవరూ బాగుచెయ్యకూడదని రాజుగారు కట్టుబాటు అడిగితే పెద్దలు ఒప్పుకున్నారు." ఆమె పద్మరేఖ చెయ్యి వదిలింది. "నీతో చెప్పమన్నారు. ఇంక నువ్వు దాని జోలికి రావద్దంట."

పద్మరేఖ అరుగు వైపు చూసింది. చిన్నప్పుడు తనని భుజాన ఎక్కించుకున్న మనుషులే. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. ఏ ఊరు నిలబడాలని ఆమె ఇంతా చేసిందో ఆ ఊరు ఆమె మిషన్ పుణ్యమాని లేచిపోతోంది. కోపగించుకుందామంటే అంత తప్పు ఎవరిలోనూ కనిపించలేదు. తనలో తప్ప.

నెల తిరక్కుండా పీతలంక ఖాళీ అయింది. పాడుకున్న హక్కుని రాజుగారు కంపెనీకే కిరాయికిచ్చాడు. కాలువ పొడుగునా దుప్పట్లు పరిచారు. అయితే కాలువలోకి గాలి ఉన్న మంచినీరు వస్తే బాక్టీరియా వైరుని వదిలేసి గాలినే పట్టుకుంటుంది, కరెంటు పడిపోతుంది. అందుకని కంపెనీ ప్రభుత్వాన్ని అడిగి కాలువకి ఎగువన ఇనప తలుపు పెట్టించింది. పైనుంచి మంచినీరు వస్తే తలుపు దించాలి. దానికి ఒక మనిషి కావాలి. టౌను గదిలో గాలాడక సింహాద్రమ్మ నాలుగోరోజే తిరిగొచ్చేసింది. షెడ్డుకి పోదామంటే రొయ్య లేదు, వల వేద్దామంటే చేప లేదు. తలుపు దించే ఉద్యోగం పద్మరేఖే ఆమెకి వేయించింది. పిన్నికి ఆమె చేయగలిగిన మేలు అదొక్కటే మిగిలింది.

ఆషాఢంలో హైదరాబాద్‌లో పెద్ద సమావేశం జరిగింది. మేఘనాథ్ విదేశాల నుంచి పెట్టుబడిదారుల్ని తెచ్చాడు. ఇప్పుడు ఎవరూ కస్టమర్లు ఎంతమంది అని అడగడం లేదు, నాలుగు రాష్ట్రాల్లో మురుగుకాలువలు ఎన్ని ఉన్నాయని అడుగుతున్నారు. గోడంత స్క్రీన్ మీద పీతలంక కాలువ ఎంత కరెంటు ఇస్తోందో చూపే గీత కనిపిస్తోంది. పద్మరేఖ మాట్లాడుతూ ఉండగా ఆ గీత కిందికి వంగడం మొదలుపెట్టింది. మేఘనాథ్ ఆమె వైపు చూశాడు. ఆమె ఫోన్ మోగింది.

"పద్దూ, నేనే." పిన్ని గొంతు. వెనక నీళ్ళ చప్పుడు. "పైన బ్యారేజీ గేట్లెత్తినట్టున్నారే. వరద ఎర్రనీరు వచ్చేసింది. కాలువంతా కడిగేస్తా పోతంది. పొద్దుటే దించాల్సింది, నాకు చేతులు రాలేదు. ఏటి వైపు నించి చేప ఎదురెక్కుతోందే. పండుగప్పలు. ఇంతింత ఉన్నాయి, నా కాళ్ళకి తగులుతున్నాయి." ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఏం చెయ్యమంటావమ్మా?"

గదిలో అందరూ ఆమె కోసమే ఆగారు. గీత ఇంకా దిగుతోంది.

"తలుపు దించెయ్యి పిన్నీ," అంది పద్మరేఖ.

"సరేనమ్మా," అంది సింహాద్రమ్మ. తర్వాత ఇనుము దిగుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి స్క్రీన్ మీద గీత మెల్లగా పైకి లేచింది, గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు.